టోటల్ రికాల్: కథేమిటి, క్లైమాక్స్‌లో జరిగింది నిజమా కలా?

‘టోటల్ రికాల్’ చివరి షాట్‌లో అంగారకుడి ఆకాశం నీలంగా ఉంటుంది, హీరో హీరోయిన్ ముద్దు పెట్టుకుంటారు, తెర నెమ్మదిగా తెల్లబడిపోతుంది. మామూలు యాక్షన్ సినిమాకైతే అక్కడ శుభం కార్డు పడ్డట్టే. కానీ ముద్దుకు ఒక్క క్షణం ముందు హీరోకి ఒక పాడు ఆలోచన వస్తుంది: ఇదంతా కలైతే? అయితే మెలకువ వచ్చేలోపే ముద్దు పెట్టు అంటుంది ఆమె. 1990లో వచ్చిన ఈ సినిమా మీద వాదన ఇప్పటికీ ఆగలేదంటే ఆ రెండు మాటల వల్లే. జవాబు కోసం చాలామంది ఆ తెల్లటి తెర దగ్గరే తచ్చాడతారు. అసలు సాక్ష్యాలు అక్కడ లేవు. మొదటి అరగంటలోనే, జ్ఞాపకాలు అమ్మే రికాల్ అనే కంపెనీ ఆఫీసు సీన్లో ఉన్నాయి. అక్కడ ఎవరు ఏ మాట అన్నారో పట్టుకుంటే మిగతా సినిమా ముడి దానంతటదే విడుతుంది.

ఇక్కణ్ణుంచి కథ మొత్తం క్లైమాక్స్‌తో సహా ఉంటుంది. చూడనివాళ్ళు ముందు సినిమా చూసి రండి. ఏమీ తెలియకుండా దీన్ని చూసే అవకాశం ఒక్కసారే దొరుకుతుంది.

దర్శకుడు పాల్ వెర్హోవెన్, డచ్ మనిషి. అంతకుముందు 1987లో ‘రోబోకాప్’ తీశాడు. అది నచ్చే ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ ఈ సినిమాకి ఆయన్నే కావాలన్నాడు. మూలం ఫిలిప్ కె. డిక్ 1966లో రాసిన చిన్న కథ. ఆ కథలో హీరో కండలు తిరిగిన మనిషి కాదు, క్వెయిల్ అనే మామూలు గుమస్తా. స్క్రిప్టు ఏళ్ళ తరబడి ఒక నిర్మాత చేతి నుంచి ఇంకొకరి చేతికి మారుతూ వచ్చింది. చివరికి ష్వార్జ్‌నెగ్గర్ పట్టుబట్టి కరోల్కో సంస్థ చేత కొనిపించాడు. గుమస్తా పాత్ర రోడ్డు పగలగొట్టే కూలీ డగ్లస్ క్వైడ్‌గా మారింది అప్పుడే.

కథాకాలం 2084. క్వైడ్‌కి పదే పదే ఒకే కల. అంగారకుడి మీద ఒక నల్లజుట్టు అమ్మాయితో నడుస్తుంటాడు, కాలు జారి కింద పడతాడు, హెల్మెట్ అద్దం పగులుతుంది, గాలి లేక కళ్ళు బయటికి పొడుచుకొస్తాయి, ఉలిక్కిపడి లేస్తాడు. పక్కన భార్య లోరి. షారన్ స్టోన్ వేసింది ఈ పాత్ర, సినిమాలో నటన పరంగా అందరికంటే బాగా చేసింది ఆవిడే. అంగారకుడికి వెళ్ళి స్థిరపడదామంటాడు క్వైడ్. ఆవిడ మాట దాటేస్తుంది. టీవీలో అంగారకుడి పాలకుడు కోహేగన్ కనిపిస్తాడు. అక్కడ టర్బీనియం అనే ఖనిజం గనులు, గాలి కూడా అమ్ముకునే ప్రభుత్వం, దాని మీద తిరుగుబాటు. ఈ వార్త వచ్చే సమయంలో లోరి కంగారుగా చానల్ మార్చేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు విసుగు అనుకుంటాం, రెండోసారి చూస్తే కాపలా అని తెలుస్తుంది.

మెట్రోలో క్వైడ్‌కి రికాల్ కంపెనీ ప్రకటన కనబడుతుంది. వాళ్ళు విహారయాత్రలు అమ్మరు, యాత్రకు వెళ్ళొచ్చిన జ్ఞాపకాలు అమ్ముతారు. సామాను పోవడం, వానకి ట్రిప్పు పాడవడం లాంటి బెడదలేవీ ఉండవు, గుర్తులు మాత్రం మిగులుతాయి. తోటి కూలీ హ్యారీ వద్దని హెచ్చరిస్తాడు, తనకు తెలిసినవాడొకడు అక్కడికెళ్ళి మెదడు పోగొట్టుకోబోయాడని. ఈ మాటని గుర్తుపెట్టుకోండి. క్వైడ్ వినడు.

రికాల్‌లో సేల్స్‌మన్ మెక్‌క్లేన్ చెప్పే ప్యాకేజీ ఇది: రెండు వారాల అంగారక యాత్ర జ్ఞాపకం, ధర 899 క్రెడిట్లు. దాని మీద అదనంగా ఇంకో సరుకు అంటగడతాడు. ఎక్కడికెళ్ళినా మారనిది మీరే కదా, ఈసారి మీ నుంచి మీరే సెలవు తీసుకోండి, వేరే మనిషిగా వెళ్ళండి అంటాడు. క్వైడ్ రహస్య గూఢచారి వేషం ఎంచుకుంటాడు. అప్పుడు మెక్‌క్లేన్ ఊరించే కథ: మీరు మారువేషంలో ఉన్న పెద్ద ఏజెంటు, అన్ని వైపుల నుంచీ మిమ్మల్ని చంపాలని చూస్తుంటారు, ఒక అందగత్తె కలుస్తుంది, యాత్ర ముగిసేసరికి అమ్మాయి మీది, విలన్లు చస్తారు, మొత్తం గ్రహాన్నే కాపాడతారు.

తర్వాతి గది మరీ ముఖ్యం. డాక్టర్ లల్ అతన్ని కుర్చీలో కట్టి, మత్తు ఎక్కిస్తూ ఎలాంటి అమ్మాయి కావాలో అడుగుతుంది. నల్లజుట్టు, వ్యాయామం చేసిన ఒళ్ళు, కాస్త తెగింపూ కాస్త అణకువా కలిసిన మనిషి అంటాడు. టెక్నీషియన్ ఎర్నీ మీట నొక్కగానే తెర మీద ఒక ముఖం వస్తుంది. అది మెలీనా ముఖం, క్వైడ్ కలలో అమ్మాయి, ఇంకా మనం కథలో కలవని మనిషి. గ్రహాంతరవాసుల సరంజామా కూడా కలుపుతారు, రెండు తలల రాక్షసుల ప్రస్తావన కూడా వస్తుంది. ఎర్నీ చేతిలోని ప్రోగ్రాం చూసి, అంగారకుడి మీద నీలాకాశం, ఇది కొత్తదే అంటాడు. క్వైడ్ కళ్ళు మూతలు పడతాయి.

అక్కడే కట్. ఇక నుంచి జరిగేదానికి రెండు కథలు ఒకే బొమ్మలతో నడుస్తాయి. వెర్హోవెన్ చేసిన గొప్ప పని అదే: రెండో కథకు పనికిరాని సీనంటూ దాదాపు ఏదీ లేదు.

పైకి కనిపించే కథ ముందు చూద్దాం. కుర్చీలో క్వైడ్ పిచ్చెక్కినట్టు తిరగబడతాడు, నన్ను బయటపెట్టేశారు, వాళ్ళు మిమ్మల్నందరినీ చంపేస్తారని అరుస్తాడు. మెక్‌క్లేన్ పరుగున వచ్చి, ఇదేదో గూఢచారి కథ మొదలైనట్టుందని తేలిగ్గా తీసుకోబోతాడు. డాక్టర్ లల్ మాత్రం అది అసాధ్యం అంటుంది, ఎందుకంటే ఆ జ్ఞాపకం ఇంకా ఎక్కించనేలేదు. అంటే అతను ఇంతకుముందే ఎప్పుడో అంగారకుడికి వెళ్ళొచ్చాడు, ఎవరో ఆ జ్ఞాపకాన్ని చెరిపేసి పైన మూత బిగించారు, మత్తు మందుతో ఆ మూత లేచింది. భయపడి, అతను రికాల్‌కి వచ్చిన సంగతి కూడా చెరిపేసి, డబ్బు వెనక్కిచ్చేయమని చెప్పి, డ్రైవర్ స్థానంలో బొమ్మ ఉండే జానీక్యాబ్ ఎక్కించి పంపేస్తారు.

హ్యారీ, ఇంకొందరు కూలీలు అతన్ని చంపబోతారు. అతను తనకే తెలియని నైపుణ్యంతో వాళ్ళని చంపేస్తాడు. ఇంటికొస్తే లోరి కత్తి పట్టుకుని మీద పడుతుంది. చివరికి ఒప్పుకుంటుంది: నేను నీ పెళ్ళాన్ని కాను, ఆరు వారాల క్రితం దాకా నిన్ను చూడనేలేదు, ఎనిమిదేళ్ళ కాపురం అంతా నీ మెదడులో పెట్టిన జ్ఞాపకం. కోహేగన్ మనిషి రిక్టర్ వెంటపడతాడు. ఒక అజ్ఞాత వ్యక్తి పెట్టె ఒకటి అందిస్తాడు. అందులోని వీడియోలో క్వైడ్ ముఖమే ఉన్న హౌజర్ మాట్లాడతాడు: నేను కోహేగన్ కింద పనిచేసేవాణ్ణి, ఒకమ్మాయి వల్ల మనసు మారింది, నా తలలో పెట్టిన విషయం వాణ్ణి ముంచుతుంది, వెంటనే అంగారకుడికి వెళ్ళు. తల చుట్టూ తడి తువ్వాలు చుట్టుకుంటే పుర్రెలోని ట్రాకర్ సంకేతం మందగిస్తుందనీ, ఆ ట్రాకర్‌ని ముక్కులోంచి ఎలా లాగాలో కూడా అతనే చెబుతాడు. ఆ లాగే సీను చూడలేక కళ్ళు మూసుకునేవాళ్ళు ఇప్పటికీ ఉంటారు.

అంగారకుడి మీద వీనస్‌విల్ అనే బస్తీ. నాసిరకం గోపురాలు కట్టడం వల్ల రేడియేషన్ తగిలి అక్కడి జనంలో చాలామంది వికృతంగా పుట్టారు. లాస్ట్ రిసార్ట్ అనే సారాకొట్టులో మెలీనా దొరుకుతుంది. ఆమెకు హౌజర్ తెలుసు, క్వైడ్ ఎవరో తెలియదు. నాటకమాడుతున్నావని తరిమేస్తుంది. తర్వాత ఆమే అతన్ని కాపాడి తిరుగుబాటు నాయకుడు క్వాటో దగ్గరికి చేరుస్తుంది. క్వాటో వేరే మనిషి కాదు, జార్జ్ అనే కార్యకర్త కడుపులోంచి తొంగిచూసే కవల తమ్ముడు. చేతులు పట్టుకుని క్వైడ్ మనసులోకి వెళ్ళి, పిరమిడ్ గనిలో గ్రహాంతరవాసులు కట్టిన రియాక్టర్ జ్ఞాపకాన్ని బయటికి తీస్తాడు. అది నడిస్తే అంగారకుడికి గాలి వస్తుంది, కోహేగన్ గాలి వ్యాపారం కుప్పకూలుతుంది. నాలుగైదుగురు పిల్లలున్నారని ఏడ్చే ట్యాక్సీ డ్రైవర్ బెన్నీ ఇక్కడే నమ్మకద్రోహం చేస్తాడు. పిల్లల లెక్క తప్పడంతో దొరికిపోతాడు, పెళ్ళే కాలేదని ఒప్పుకుంటాడు. చిన్న విషయమే, కానీ ఈ సినిమాలో అబద్ధాలన్నీ ఇలా అంకెల దగ్గరే బయటపడతాయి.

ఇక అసలు మలుపు. కోహేగన్ రెండో వీడియో చూపిస్తాడు. అందులో హౌజర్ కోహేగన్ పక్కన నిలబడి నవ్వుతుంటాడు. మనసు మారిందన్నది నాటకం. క్వాటో మనుషుల్లో మనసు చదివేవాళ్ళున్నారు, మామూలు గూఢచారిని పంపితే పట్టేస్తారు. అందుకని తను గూఢచారినని తనకే తెలియని మనిషిని తయారుచేశారు. హౌజర్ తనంతట తానే ఒప్పుకుని జ్ఞాపకం చెరిపించుకున్నాడు, పని పూర్తయ్యాక శరీరం తిరిగి తీసుకుంటాడట. ఇక్కడ చాలామందికి వచ్చే సందేహం: మరి రిక్టర్ అతన్ని చంపాలని అంతగా ఎందుకు చూశాడు? కోహేగనే చెబుతాడు. అనుకున్న సమయానికి ముందే రికాల్ దెబ్బకి మూత లేచిపోయింది, రిక్టర్‌కి పథకం తెలియదు. పైగా లోరి రిక్టర్ మనిషి కాబట్టి పగ కూడా ఉంది. ట్రాకర్ తీసేయడం ఎలాగో వీడియోలో చెప్పింది కూడా పథకంలో భాగమే, వెంట ఎవరూ లేని మనిషినే తిరుగుబాటుదారులు లోపలికి రానిస్తారు కదా.

క్వైడ్‌ని, మెలీనాని మళ్ళీ కుర్చీల్లో కడతారు, అతన్ని హౌజర్‌గా మార్చడానికి, ఆమెను మాట వినే బొమ్మని చేయడానికి. అతను సంకెళ్ళు పీకేసి బయటపడతాడు. కోహేగన్ వీనస్‌విల్‌కి గాలి ఆపేస్తాడు. అదే వేళ కోపంతో అతను పడగొట్టిన గాజు తొట్టిలోని చేపలు నేల మీద కొట్టుకుంటూ ఉంటాయి. ఊపిరాడని బస్తీని ఆ ఒక్క షాట్‌తో దగ్గరగా చూపించాడు వెర్హోవెన్. లిఫ్ట్ మీద పోరాటంలో రిక్టర్ చేతులు తెగిపోతాయి. రియాక్టర్ దగ్గర కోహేగన్ పెట్టిన బాంబుని క్వైడ్ సొరంగంలోకి విసిరేస్తాడు, గోడ పగిలి గాలి బయటికి లాగేస్తుంది, కోహేగన్ బయటపడి ఊపిరాడక చస్తాడు. క్వైడ్ రాతి మీద ఉన్న చేతి గుర్తులో చెయ్యి పెట్టి యంత్రాన్ని నడిపిస్తాడు. అతనూ మెలీనా కూడా బయటికి ఎగిరిపడి చావబోతుండగా, నేలలోని మంచు కరిగి గాలి పుడుతుంది. ఆకాశం నీలమవుతుంది.

ఇప్పుడు కుర్చీ వైపు తిరుగుదాం. మెక్‌క్లేన్ అమ్మిన జాబితాని జరిగినదాని పక్కన పెట్టండి. రహస్య గూఢచారి: అయ్యాడు. అన్ని వైపుల నుంచీ హత్యాప్రయత్నాలు: జరిగాయి. తెర మీద చూసిన ముఖమే ఉన్న నల్లజుట్టు అమ్మాయి: దొరికింది. గ్రహాంతరవాసుల యంత్రం, రెండు తలల మనిషి, నీలాకాశం, విలన్ చావు, గ్రహం రక్షణ: అన్నీ వచ్చాయి. ఆర్డరిచ్చిన సరుకులో ఒక్కటి కూడా తక్కువ కాలేదు. నిజజీవితంలో ఇలా జరగడానికి అవకాశమే లేదు, బిల్లు చేతికొచ్చి సరుకు సరిపోతే అది కొట్టు నుంచే వచ్చిందనుకోవాలి.

పైగా సినిమా సగం దాటే వేళకి ఈ మాటే ఒక పాత్ర నోట చెప్పిస్తాడు దర్శకుడు. అంగారకుడి హోటల్ గదికి డాక్టర్ ఎజ్‌మార్ వస్తాడు, తర్వాత లోరి కూడా వస్తుంది. క్వైడ్, నువ్వు ఇక్కడ లేవు, రికాల్ కుర్చీలోనే ఉన్నావు, ఎక్కిస్తున్న జ్ఞాపకం మధ్యలో నీ మెదడు పట్టు తప్పి సొంతంగా కథ అల్లుకుంటోంది, నిన్ను బయటికి రప్పించడానికి నన్ను లోపలికి పంపారు అంటాడు. ఎర్ర మాత్ర ఇస్తాడు. అది మింగితే తిరిగి రావాలన్న నీ కోరికకి గుర్తు, మింగకపోతే వాస్తవం గోడలు కూలిపోతాయి, ఒక క్షణం తిరుగుబాటుని ఉద్ధరించేవాడివి అవుతావు, ఇంకో క్షణం కోహేగన్‌కి ప్రాణస్నేహితుడివి, గ్రహాంతరవాసుల నాగరికతలు కూడా కనిపిస్తాయి, చివరికి భూమ్మీద మెదడు పోయినవాడిగా మిగులుతావు. క్వైడ్ మాత్ర నోట్లో పెట్టుకుంటాడు. ఎజ్‌మార్ తల పక్కన చెమట చుక్క ఒకటి జారుతుంది. కలలోకి వచ్చిన డాక్టరుకి భయం ఎందుకు? క్వైడ్ కాల్చేస్తాడు, మాత్ర ఉమ్మేస్తాడు. మరుక్షణం గది గోడ బద్దలుకొట్టుకుని సైనికులు లోపలికి దూకుతారు. గోడలు కూలిపోతాయని అన్న మాట అక్షరాలా నిజమైంది. మిగతావి కూడా అదే వరసలో జరుగుతాయి: తిరుగుబాటు ఉద్ధారకుడు, తర్వాత కోహేగన్ ప్రాణస్నేహితుడు, తర్వాత గ్రహాంతర రియాక్టర్. మిగిలింది మెదడు పోవడం ఒక్కటే. ఆ తర్వాత తెర తెల్లబడుతుంది.

చెమట చుక్కని నిజం పక్షం వాళ్ళు గట్టి సాక్ష్యంగా చూపిస్తారు. నా ఉద్దేశంలో అది దేన్నీ తేల్చదు. అప్పటికి క్వైడ్ చేతిలో తుపాకీ ఉంది, మెలీనా దొరికింది, కూలీ బతుకుకి వెనక్కి పోవాలనే కోరిక ఏ కోశానా లేదు. ఇది అతను అల్లుకుంటున్న కలే అయితే, ఆ చుక్కని పుట్టించింది కూడా అతని మనసే, ఉండిపోవడానికి ఒక సాకు కావాలి కాబట్టి. అదే గదిలో అతను వేసే ఇంకో ప్రశ్న చూడండి: నేను ఈ అమ్మాయిని రికాల్‌కి రాకముందే కలగన్నాను, దానికేమంటావ్? ఎజ్‌మార్ జవాబు: కలగన్నావు కాబట్టి ఆమె నిజమా? నీ మాట నీకు వినబడుతోందా? కల పక్షానికి ఇంతకంటే మంచి వకీలు సినిమాలో లేడు.

నిజం పక్షం బలం వేరే చోట ఉంది. సినిమా మొదటి ఫ్రేములోనే మెలీనాతో కల వస్తుంది, అప్పటికి రికాల్ ఊసే లేదు. రెండోది ఇంకా గట్టిది: క్వైడ్ లేని సీన్లు. కోహేగన్, రిక్టర్ ఒకరితో ఒకరు మాట్లాడుకునేవి, రిక్టర్, లోరి కలుసుకునేవి, చివరికి క్వైడ్ మత్తులో పడి ఉండగా రికాల్ సిబ్బంది భయంతో నిర్ణయాలు తీసుకునేది కూడా. కల కనేవాడు లేని చోట కల ఎలా నడుస్తుంది? దీనికి కల పక్షం జవాబు ఉంది కానీ అంత బలంగా లేదు: రికాల్ అమ్మింది గూఢచారి కథ, కథలో హీరో చూడని సీన్లుంటాయి. ఇది సమాధానమే, కానీ పూర్తిగా తృప్తినిచ్చేది కాదు. సినిమా నిజాయితీగా ఆడే ఆట కాబట్టి ఈ లోటు కూడా ఒప్పుకోవాలి.

హ్యారీ మాటని గుర్తుపెట్టుకోమన్నాను. అది రెండు కథలకీ సరిగ్గా అతుకుతుంది. నిజం కథలో హ్యారీ కోహేగన్ కాపలావాడు, క్వైడ్ రికాల్‌కి పోకుండా ఆపడమే అతని పని. కల కథలో అది రాబోయేదానికి ముందస్తు హెచ్చరిక. ఒక్క డైలాగుకి రెండు ఉద్యోగాలు. ఇలాంటివి వెతుక్కుంటూ పోతే పదికి తక్కువ దొరకవు.

వెర్హోవెన్ ఉద్దేశం ఏమిటంటే రెండూ సమానంగా నిలబడాలని. తెర నల్లబడకుండా తెల్లబడటం మెదడు పోయినదానికి సూచన కావచ్చని ఆయనే చెప్పాడు. కానీ రంగు ఒక్కటే పట్టుకుని తీర్పు చెప్పేవాళ్ళతో నేను ఏకీభవించను. నీలాకాశంలోంచి వెలుతురు పెరిగి తెల్లబడటం ఏ ప్రేమకథలోనైనా జరుగుతుంది. ఎర్నీ చేతిలో ఉన్న నీలాకాశం ప్రోగ్రాం ముందు ఆ రంగు సాక్ష్యం చాలా చిన్నది. సాక్ష్యాల లెక్కన నా మొగ్గు కల వైపే.

అయినా సినిమాలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఇది కాదు. కల కథని పక్కనపెట్టి అంతా నిజమే అనుకున్నా, క్వైడ్ అనే మనిషి ఎవరు? ఆరు వారాల క్రితం తయారైనవాడు. పెళ్ళి, ఇల్లు, కూలి పని, స్నేహితుడు అన్నీ ఎవరో పెట్టినవి. అసలు మనిషి హౌజర్, వాడు దుర్మార్గుడు, శరీరం వాడిదే, తిరిగివ్వమని వీడియోలో అడుగుతున్నాడు కూడా. న్యాయంగా చూస్తే క్వైడే అద్దెకున్నవాడు. క్వాటో మాత్రం ఒక మాట అంటాడు: మనిషిని నిర్ణయించేది అతని జ్ఞాపకాలు కాదు, అతని పనులు. క్వైడ్ ఆ మాట పట్టుకుని నిలబడి హౌజర్‌ని తిరిగి రానివ్వడు. పెట్టిన జ్ఞాపకాల మీద పుట్టినవాడు కూడా సొంతంగా మంచిచెడ్డలు నిర్ణయించుకోగలడని సినిమా గట్టిగా నమ్ముతుంది. కాల్పుల మోతలో ఈ ఆలోచన చాలామంది చెవిన పడకుండా పోయింది, అది బాధాకరం.

డిక్ కథ ఇంకో దారిలో పోతుంది. అక్కడ కథ నడిచే కాలంలో క్వెయిల్ అంగారకుడికి వెళ్ళడు, భూమ్మీదే పొరలు పొరలుగా జ్ఞాపకాలు బయటపడతాయి. చివరి పొరలో, చిన్నప్పుడు అతను చూపిన దయకి కరిగిన బుల్లి గ్రహాంతరవాసులు అతను బతికున్నంత కాలం భూమి జోలికి రామని మాటిచ్చి ఉంటారు. కోరికగా చెప్పిన కట్టుకథే నిజమని తేలే ఆ మలుపు అద్భుతం. సినిమాలో యాక్షన్ కోసం అది వదిలేశారు.

జ్ఞాపకం ఎక్కించడం పూర్తిగా ఊహే అనుకుంటే పొరపాటు. 1995లో మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ లాఫ్టస్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, చిన్నప్పుడు మాల్‌లో తప్పిపోయారన్న కల్పిత సంఘటనని కుటుంబసభ్యులు చెప్పిన నిజ సంఘటనల మధ్య కలిపి ఇస్తే, పాల్గొన్న 24 మందిలో నాలుగో వంతు మంది కొంతో గొప్పో గుర్తొచ్చిందన్నారు. 2013లో ఎం.ఐ.టి.లో సుసుము టోనెగావా బృందం ఎలుకల మీద ఇంకాస్త ముందుకెళ్ళింది. ఒక పెట్టెలో తిరిగినప్పుడు హిప్పోక్యాంపస్‌లో, అంటే మెదడులో జ్ఞాపకాల పని చూసే భాగంలో, చురుగ్గా ఉన్న కణాలకు గుర్తుపెట్టి, వేరే పెట్టెలో కాలికి షాక్ ఇస్తూ ఆ కణాలని కాంతితో లేపారు. తర్వాత ఎలుకలు ఏ షాకూ తగలని మొదటి పెట్టెలోనే భయంతో బిగుసుకుపోయాయి. రెండు వారాల అంగారక యాత్రకి ఇది చాలా దూరం, కానీ దారి మాత్రం ఇదే.

అంగారకుడి శాస్త్రం మాత్రం సినిమాలో ఘోరం. అక్కడి గాలి పీడనం భూమ్మీదదానిలో ఒక శాతం కూడా ఉండదు, అందులో 95 శాతం దాకా కార్బన్ డయాక్సైడ్. సూట్ లేకుండా బయటపడితే పది పదిహేను సెకన్లలో స్పృహ పోతుంది. ఒళ్ళు ఉబ్బుతుంది, కానీ కళ్ళు గుడ్లగూబలా బయటికి రావు, ఆ తర్వాత మామూలుగా లోపలికీ పోవు. మంచు కరిగితే నీటి ఆవిరి వస్తుంది, ఊపిరికి పనికొచ్చే ఆక్సిజన్ రావాలంటే ఆ నీటిని విడగొట్టాలి. ఒక గ్రహానికి సరిపడా గాలి నిమిషాల్లో పుట్టడం లెక్కకి అందదు. గురుత్వాకర్షణ కూడా భూమ్మీదదానిలో సుమారు 38 శాతమే, కానీ అందరూ భూమ్మీద నడిచినట్టే నడుస్తారు. ఆసక్తికరమైన సంగతి, నిజం అంగారకుడి మీద పగటి ఆకాశం ధూళి వల్ల పసుపు గోధుమ రంగులో ఉంటుంది, సూర్యాస్తమయం వేళ సూర్యుడి చుట్టూ మాత్రం నీలం కనిపిస్తుంది. ఇన్ని తప్పులూ కల పక్షానికి ఉచితంగా దొరికిన సాక్ష్యాలని వాదించేవాళ్ళున్నారు. అంత దూరం నేను పోను, అది స్క్రిప్టు సౌలభ్యమే.

నచ్చనివి ఇంకా ఉన్నాయి. మెలీనాకి సొంత కథ లేదు, రాచెల్ టికోటిన్ ఎంత కష్టపడినా పాత్ర తుపాకీ పట్టుకున్న ముఖంగానే మిగిలింది. ఎస్కలేటర్ మీద కాల్పుల్లో ఒక బాటసారి శవాన్ని హీరో డాలుగా అడ్డం పెట్టుకునే సీను ఇప్పుడు చూసినా కడుపులో తిప్పుతుంది. మొదట అమెరికాలో పెద్దలకు మాత్రమే అనే ఎక్స్ రేటింగ్ ఇవ్వబోతే హింస తగ్గించి, దానికంటే ఒక మెట్టు కిందిదైన ఆర్ తెచ్చుకున్నారు, తగ్గించాక ఇంత. పిల్లలతో చూసే సినిమా కాదు.

పనితనం మాత్రం మొదటి తరగతి. మెట్రోలో ఎక్స్‌రే తెర వెనక నడిచే ఎముకల గూళ్ళు ఆ కాలానికి కంప్యూటర్‌తో చేసిన గొప్ప ప్రయత్నం. క్వాటో బొమ్మ, క్వైడ్ వేసుకునే, ముఖం ముక్కలుగా విడిపోయే లావుపాటి ఆవిడ మారువేషం రాబ్ బాటిన్ చేతి పని. ఎరిక్ బ్రెవిగ్, రాబ్ బాటిన్, టిమ్ మెక్‌గవర్న్, అలెక్స్ ఫంకే నలుగురికీ కలిపి విజువల్ ఎఫెక్ట్స్‌కి ప్రత్యేక ఆస్కార్ ఇచ్చారు. షూటింగ్ చాలావరకు మెక్సికో సిటీలో, చురుబుస్కో స్టూడియోల్లో, అక్కడి అసలు మెట్రో స్టేషన్లలో జరిగింది. భవిష్యత్తు నగరం అంత బరువైన కాంక్రీటుతో కనిపించడానికి కారణం అదే. జెర్రీ గోల్డ్‌స్మిత్ సంగీతం మంచి స్పీకర్ల మీద వినాలి.

రెండోసారి చూసేవాళ్ళు మూడు చోట్ల రిమోట్ చేతిలో పెట్టుకోండి. డాక్టర్ లల్ గదిలో తెర మీద వచ్చే ప్రతి బొమ్మ దగ్గర ఆపి చూడండి, తర్వాత సినిమాలో దేనికి సరిపోతుందో తెలుస్తుంది. క్వైడ్ కళ్ళు మూసుకోగానే వచ్చే కట్‌ని ఒకసారి వెనక్కి తిప్పి మళ్ళీ చూడండి, కల మొదలయ్యుంటే ఆ అతుకులోనే మొదలైంది. ఎజ్‌మార్ గదిలో లోరి ముఖాన్నే గమనిస్తూ ఒకసారి చూడండి, షారన్ స్టోన్ రెండు కథల్లోనూ నమ్మశక్యంగా నటించడం అక్కడ తెలుస్తుంది. నిడివి 113 నిమిషాలు. 2020లో వచ్చిన 4కె పునరుద్ధరణ ప్రతి దొరికితే అదే చూడండి, పాత వీడియో ప్రతుల్లో అంగారకుడి ఎరుపు మురికిగా ఉంటుంది. కాలిన్ ఫారెల్ హీరోగా 2012లో వచ్చిన కొత్త ‘టోటల్ రికాల్’ వెతికేటప్పుడు ముందు తగలొచ్చు. అందులో అంగారకుడే లేడు. పాతది చూశాకే దాని జోలికి వెళ్ళండి.